తల్లికణాల దొంగ

“పది నిమిషాలే బావా. ఆ తర్వాత నువ్వు బయటుండాల,” అన్నాడు సీఐ సాయిశంకర్, ఫైలు మీంచి తల ఎత్తకుండానే.

పొద్దున్నుంచీ అచ్యుతాపురం స్టేషన్ బెంచీ మీద కూర్చుని నడుం పట్టేసిన అబ్దుల్ రజాక్‌కి ఒళ్లు మండింది. పైకి ఏమీ అనలేదు. అంటే ఆ పది నిమిషాలు కూడా పోతాయని తెలుసు.

ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరినవాళ్లు. పైఅధికారితో గొడవపడి రజాక్ రాజీనామా చేశాడు. ద్వారకా నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ మేడ మీద డిటెక్టివ్ ఆఫీసు తెరిచాడు. సాయిశంకర్ ఉద్యోగంలో ఉండిపోయి సీఐ అయ్యాడు. ‘బావా’ అన్న పిలుపు ఇద్దరి మధ్యా మిగిలింది గానీ, అందులో ఉండే చనువు ఎప్పుడో చచ్చిపోయింది.

“సాయంత్రం కోర్టుకి పట్టుకెల్తన్నాం,” సాయిశంకర్ మళ్లీ అన్నాడు. “కేసు అయిపోనాది. నువ్వు మాటాడేది ఆ ముసలమ్మ తృప్తి కోసమే.”

ఆ ముసలమ్మ దేముడమ్మ. వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. రజాక్ కనబడగానే లేచి చెయ్యి పట్టుకుంది. “బాబూ, నా పిల్ల ఒప్పీసుకుంటే సిచ్చ తగ్గుతాదని సెప్తన్నారు. ఒప్పుకోడానికి అదేటి సేసింది బాబూ?”

ఆమె కూతురు హేమశ్రీ, తాండవ బయోలాజిక్స్ అనే మందుల కంపెనీలో జూనియర్ సైంటిస్టు. గుండెపోటు వచ్చినవాళ్లకి రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఆ కంపెనీ తయారుచేస్తుంది. ఆ మందుకి మూలమైన కణాల సీసాలు ఆదివారం మాయమయ్యాయి. ఆ రోజు ఆ గది తలుపు దగ్గర గీసిన కార్డు హేమశ్రీది ఒక్కటే. పోటీ కంపెనీకి అమ్మేసిందని పోలీసులు తేల్చేశారు.

లోపలి గది మూలన ఆడ కానిస్టేబులు నిలబడి ఉంది. హేమశ్రీ కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. రజాక్ కుర్చీ లాక్కున్నాడు.

“మీ అమ్మ పంపిందమ్మా నన్ను. ఆదివారం ఏం జరిగిందో సెప్పు.”

“ఎన్నిసార్లు సెప్పాల సార్? సెప్పిందే సెప్పి నా నోరు ఎండిపోతంది. ఎవలూ ఇనరు.”

“నాను ఇంటాను. ముందు ఆ సీసాల్లో ఏటుందో సెప్పు. నాకు సైన్సు రాదు.”

హేమశ్రీ ఒక్క క్షణం అతణ్ని అనుమానంగా చూసింది. తర్వాత చదువు చెప్పే గొంతు తెచ్చుకుంది. “మా ఇంజెక్షన్ రసాయనాలు కలిపి చేసేది కాదు సార్. బతికున్న కణాలు చేస్తాయి. డెబ్బై ఏళ్ల కిందట ఎక్కడో ఒక చైనా చిట్టెలుక ఒంట్లోంచి తీసిన కణాలవి. వాటి పిల్లలు, పిల్లల పిల్లలు ఇప్పటికీ బతుకుతూనే ఉన్నాయి. ప్రపంచంలో చాలా బయోటెక్ మందులు వాటి వంశం చేసినవే. మా కంపెనీ వాటిలో గుండె మందు తయారుచేసే జన్యువు పెట్టింది. అలా వచ్చిన మొదటి కణాల్ని తల్లికణాలంటాం. చిటికెన వేలంత సీసాల్లో పోసి, ద్రవ నైట్రోజన్ ట్యాంకులో పెట్టేస్తాం. ఆ చలికి అవి చావవు, పెరగవు, మారవు. కావలసినప్పుడు ఒక సీసా కరిగించి పెంచుతాం.”

“అవి పోతే?”

“కంపెనీ పోయినట్టే సార్.”

“సరే. ఆదివారం?”

“అన్నం తింటంటే ఫోన్‌కి అలారం మెసేజ్ వచ్చింది, ట్యాంకులో నైట్రోజన్ లేదని. పడుతూ లేస్తూ వెళ్లాను. కార్డు గీసి తలుపు తీశాను. ట్యాంకు మూత తీసి లోపలి రాక్ పైకి లాగాను. సీసాలు లేవు. వెంటనే మా క్వాలిటీ హెడ్ దేవిశ్రీ మేడమ్‌కి ఫోన్ చేశాను. అంతే సార్. దొంగని నేనైతే నేనే ఎందుకు ఫోన్ చేస్తాను?”

“గ్లోవ్స్ ఏసుకున్నావా?”

హేమశ్రీ తడబడింది. “కంగారులో... లేదు.”

“ఏదీ, సేతులు సూపించు.”

రెండు అరచేతులూ శుభ్రంగా ఉన్నాయి. రజాక్ వాటిని కిటికీ వెలుగులోకి తిప్పి చూశాడు. “ఆ ట్యాంకులో ఇనుము ముట్టుకుంటే తోలు ఊడొచ్చేస్తాదని నిన్ననే ఒక డాక్టరు నాకు సెప్పినాడు. నీకేటి కాలేదేటి?”

“సల్లగా లేదు సార్. గదిలో కుర్చీ ముట్టుకున్నట్టే ఉంది. పొగ కూడా రాలేదు. సీఐ గారికి సెప్పాను. అబద్ధం ఆడతన్నావన్నారు. పోలీసులొచ్చేసరికి ట్యాంకు నిండా నైట్రోజన్ ఉందంట, పొగ కక్కుతోందంట. పంచనామాలో అదే రాసుకున్నారు.”

“రోజూ సూస్తావా ఆ ట్యాంకుని?”

“బయట డిస్‌ప్లే చూస్తాను. ఎప్పుడూ ఫుల్ అనే ఉంటాది. మూత తియ్యాలంటే పైవాళ్ల పర్మిషన్ కావాల. వానాకాలంలో చేరాను నేను. చేరాక ఒక్కసారి కూడా తియ్యలేదు.”

కానిస్టేబులు గొంతు సవరించుకుంది. టైమ్ అయిపోయిందని అర్థం.

సాయిశంకర్ గదిలోకి వెళ్లేటప్పటికే రజాక్‌కి తెలుసు, ఈ గోడకి తల కొట్టుకోవాల్సిందేనని.

“చేతులు కాలలేదు బావా ఆ పిల్లకి.”

“గ్లోవ్స్ ఏసుకునుంటాది.”

“ఏసుకుంటే ఏసుకున్నానని సెప్పుద్ది గదా! లేదని సెప్పుకుని తనకు తానే ఇరుక్కుంటాదేటి?”

“దొంగలందరూ తెలివిగా మాటాడితే నాకు పనుండదు,” అన్నాడు సాయిశంకర్ నవ్వి. “ట్యాంకు సల్లగా ఉంది. నా సేత్తో నాను రాసినాను. నేదని ఆ పిల్ల అంటంది. ఎవల మాట నమ్మమంటావ్?”

“సీసాలు దొరికాయా?”

“దొరుకుతాయి.”

“కొన్నవాడు?”

“వాడూ దొరుకుతాడు.”

“మరి ఇప్పుడు నీ దగ్గర ఉన్నదేటి? ఒక కార్డు గీత!” రజాక్ టేబుల్ మీద చరిచాడు. బయట రైటర్ తల తిప్పి చూశాడు. రజాక్ గొంతు తగ్గించాడు. “ఆ గది ఒక్కసారి సూపించు. నీ ఎదురుగానే సూస్తాను. ఏటీ దొరక్కపోతే ఈ కేసు ఒగ్గీసి ఎల్లిపోతాను. మళ్లీ నీ గుమ్మం తొక్కను.”

సాయిశంకర్ ఆ బేరం నచ్చినట్టు టోపీ అందుకున్నాడు. “మాటంటే మాటే బావా. పద.”

కంపెనీ గేటు దగ్గరికి ఎండీ రమణమూర్తి స్వయంగా ఎదురొచ్చాడు. తెల్లచొక్కా, నెరిసిన జుట్టు, బడిపంతులు లాంటి మెత్తటి మాట. “హేమశ్రీ నా కూతురులాంటిదండీ. ఏ కష్టంలో ఉండి ఇలా చేసిందో,” అని నిట్టూర్చాడు. వెంటనే, “సోమవారం విదేశాల నుంచి తనిఖీ బృందం వస్తోంది. అప్పటికి ఈ గొడవ ముగిస్తే మా వాళ్లంతా బతుకుతారు,” అని కూడా అన్నాడు.

రజాక్ అతని మాటకంటే పాదాల కింది నేలనే ఎక్కువ విన్నాడు. కింది అంతస్తులో మిషన్లు తిరుగుతున్నాయి. సన్నటి ఝుంకారం చెప్పుల్లోంచి పాకుతోంది.

“పని ఆపలేదాండీ?”

“గుండెపోటు ఆగదు కదండీ, మేమెలా ఆపుతాం?”

జవాబు బాగానే ఉంది. మరీ బాగుంది.

తలకి టోపీలు, చెప్పులకి తొడుగులు వేసుకుని ముగ్గురూ మెట్లెక్కారు. క్వాలిటీ హెడ్ దేవిశ్రీ తలుపు దగ్గర నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. నమస్కారానికి తల ఊపిందే తప్ప ఎవరి కళ్లలోకీ చూడలేదు.

చిన్న గది. మధ్యలో నడుమెత్తు స్టీలు ట్యాంకు. ఒక గోడకి కార్డు గీసే తలుపు. ఎదుటి గోడకి, కిందగా, ఇంకో చిన్న తలుపు.

“అదేటండీ?” రజాక్ అడిగాడు.

“నైట్రోజన్ గొట్టం లోపలికి లాగే తలుపు,” దేవిశ్రీ జవాబిచ్చింది. “తాళంచెవి క్వాలిటీ రూములో ఉంటుంది.”

“దానికి కార్డు లేదా?”

“లేదు.”

రజాక్ సాయిశంకర్ వైపు చూశాడు. సాయిశంకర్ కిటికీ వైపు చూశాడు.

దేవిశ్రీ మందపాటి గ్లోవ్స్ తొడుక్కుని మూత తీసింది. గుప్పున తెల్లటి పొగ లేచి ట్యాంకు అంచుల మీంచి నేలకి జారింది.

“సూసినావా?” సాయిశంకర్ చేతులు కట్టుకున్నాడు. “సల్లగా నేదంట!”

రజాక్ పళ్లు బిగించాడు. ఇందులో ఏం వెతకాలి? నైట్రోజన్ పోస్తే ఏ ట్యాంకైనా చల్లబడుతుంది. ఆదివారం ఉన్న వేడిని ఇవాళ ఎక్కడ పట్టుకోవాలి?

“ఆదివారం పోలీసులు రాకముందు దీన్లో నైట్రోజన్ పోశారా?”

దేవిశ్రీ పెదవి కదిపింది. చూపు ఎండీ మీదికి వెళ్లింది.

“లేదండీ,” రమణమూర్తి అందుకున్నాడు. “సాక్ష్యం ఉన్న చోట చెయ్యి పెడతామా?”

రజాక్ ట్యాంకు చుట్టూ తిరిగాడు. వంగాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు, అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. స్టీలు మీద గీత లేదు. నేల మీద మరక లేదు. ఎంతసేపు చూసినా ట్యాంకు తన మొహాన్నే తనకి తిప్పి చూపిస్తోంది. వెనక సాయిశంకర్ గడియారం చూసుకోవడం తెలుస్తూనే ఉంది. “బావా, కోర్టు మన కోసం ఆగదు,” అన్నాడొకసారి. “పోనీ నీకో భూతద్దం తెప్పించమంటావేటి?” అన్నాడు ఇంకోసారి.

రమణమూర్తికి ఫోన్ వచ్చింది. “ఒక్క నిమిషం,” అని బయటికి వెళ్లాడు.

అప్పుడు రజాక్ చూపు దేవిశ్రీ చేతిలోని మూత మీద పడింది. మూత అడుగున చెయ్యంత పొడవు నురగదిమ్మ ఉంది. ట్యాంకు మెడలోకి బిరడాలా దిగేది అదే. దాని నిండా మంచు పేరుకుని తెల్లగా మెరుస్తోంది.

“మేడమ్, అది ఆ బల్ల మీద పెట్టండి. అలాగే ఉంచండి.”

“ఎందుకు బావా?” అన్నాడు సాయిశంకర్.

“కరగనీ.”

“మంచు కరగడం సూడ్డానికి వొచ్చినామేటి మనం?”

నురగదిమ్మ మీద మంచు నెమ్మదిగా తడిగా మారింది. బొట్లు బల్ల మీద రాలాయి. సాయిశంకర్ విసుగ్గా తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. తెలుపు కింద ఇంకేదో రంగు కనబడసాగింది. ముందు బూడిదరంగు, తర్వాత నలుపు. దిమ్మ అడుగుభాగమంతా నల్లటి మచ్చలు, ఒకదాన్నొకటి ఆనుకుని, రూపాయి బిళ్లలంతేసి.

రజాక్ గోరుతో గీకి వాసన చూశాడు. వానాకాలంలో మూసిపెట్టిన బీరువా తీసినప్పుడు కొట్టే వాసన.

“బూజు,” అన్నాడు. “మన సముద్రం గాలికి తోలు చెప్పుల మీద కూడా పట్టే బూజు. మేడమ్, ఈ ట్యాంకు చలిలో బూజు పెరుగుతుందా?”

“ఏదీ పెరగదు,” అంది దేవిశ్రీ. ఆమె చెప్పిన మొదటి సూటి జవాబు అదే.

“ఇంత పెరగడానికి ఎంత కాలం కావాలి?”

ఆమె తలుపు వైపు ఒకసారి చూసింది. “నెలలు.”

“ఇన్నావా బావా? ఆదివారం కాదు. నెలల తరబడి ఈ ట్యాంకు ఎండిపోయి ఉంది. మీరొచ్చే ముందు ఎవరో గబగబా నైట్రోజన్ నింపినారు. నువ్వు సూసింది ఆ చలినే.”

సాయిశంకర్ మొహం ఎర్రబడింది. “బూజుని తీసుకెల్లి బోనులో నిలబెడతావేటి? పాత మూత అయ్యుంటాది. ఇంకెక్కడిదో తెచ్చి పెట్టుంటారు.”

“అది నువ్వు కనుక్కోవాల. సీజ్ చెయ్యి.”

“నువ్వు సెప్తే సెయ్యాలా? నువ్వెవరు?”

“నాకు తెలీదనుకోకు, సోమవారం తనిఖీకి ముందు కేసు మూసీమని నీకు పైనుంచి...”

“నోరు మూయ్!” సాయిశంకర్ అతని మీదికి వచ్చాడు. “నువ్వెప్పుడూ ఇంతే. అందరికన్నా నీకే ఎక్కువ తెలుసు. అందరూ అమ్ముడుపోయినోళ్లే, నువ్వొక్కడివే మడిసివి. అందుకే యూనిఫారం ఒగ్గీసుకుని కోచింగ్ సెంటర్ మేడెక్కి కూర్చున్నావు. నాను ఉండిపోనాను. రోజూ ఈ గాడిద సాకిరీ సేస్తన్నాను. నీకేటి తెలుసురా ఇక్కడ ఉండడమంటే ఏటో?”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నిజానికి అందులో కొంత నిజం ఉంది. అదే ఎక్కువ మంట పెట్టింది. అతను తిరిగి ట్యాంకు వైపు వంగాడు, పని తప్ప ఇంకేదీ పట్టుకోవడానికి లేనట్టు.

ట్యాంకు వెనక తీగలు కట్టగా ఉన్నాయి. అన్నిటి మీదా సన్నటి దుమ్ము. ఒక్క తీగ చివర మాత్రం కొత్త టేపు తళతళలాడుతోంది.

“ఇదేటి తీగ?”

“అలారంది,” అంది దేవిశ్రీ.

రజాక్ లేచి నిలబడ్డాడు. మూడు రోజులుగా చిక్కుపడిన దారం ఒక్క కొస చేతికి వచ్చినట్టయింది.

“బావా, కోపం తర్వాత పడు. ఇది ఇను. తీగ ఎవరో పీకీసినారు, నెలల కిందట. అందుకే ట్యాంకు ఎండిపోయినా డిస్‌ప్లేలో ఫుల్ అనే కనబడింది. ఆదివారం ఎవరో దాన్ని తిరిగి కలిపినారు. కలపగానే అలారం మోగింది. దొంగ అలారం పీకుతాడు గానీ కలుపుతాడేటి?”

సాయిశంకర్ తీగ వైపు వంగి చూశాడు.

“ఇంకోటి. మూత తీసిన మనిషికి పొగ రాకపోతే తెలిసిపోతుంది, కణాలు చచ్చిపోయాయని. చచ్చిన కణాల్ని ఎవడు కొంటాడు? అయినా తీసుకెల్లినారు. అంటే ఆ మనిషికి కావల్సింది సీసాలు కాదు. ఇక్కడ దొంగతనం జరిగిందని నలుగురికీ తెలియాల. పోలీసులు రావాల.” అతను చిన్న తలుపు వైపు చూపించాడు. “కార్డు అక్కర్లేని దారిన వచ్చినారు. ఆ తాళంచెవి ఉన్న గది ఎవరిదో మేడమ్ ఇందాకే సెప్పినారు.”

దేవిశ్రీ చిన్న తలుపు మీంచి చూపు తిప్పుకుంది.

రజాక్ గొంతు మార్చాడు. “మేడమ్, సాయంత్రం ఆ పిల్లని కోర్టుకి పట్టుకెల్తన్నారు. వాళ్లమ్మ స్టేషన్ వరండాలో కూర్చుని ఉంది.”

దేవిశ్రీ గ్లోవ్స్ ఒక్కొక్కటే తీసింది.

“హేమశ్రీని వదిలేయండి. దొంగని నేను.” ఆమె ట్యాంకు వైపు చూసింది. “కానీ నేను తీసింది శవాల్ని.”

ఆ తర్వాత ఆమె ఆగలేదు. ఎన్నాళ్లుగానో గొంతులో దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. వేసవిలో నైట్రోజన్ లారీ రావడం ఆలస్యమైంది. ట్యాంకు ఎండింది. రెండో జత సీసాలు వేరే ఊళ్లో దాచాలన్నది నియమం. వాటిని కూడా అప్పటికే ఇక్కడికి తెచ్చి ఇదే ట్యాంకులో పెట్టేశారు. అన్నీ ఒకేసారి పోయాయి. ఎండీ అలారం తీగ పీకించి, డిస్‌ప్లే ఫుల్ అని చూపేట్టు చేయించి, ఎవరికీ చెప్పొద్దన్నాడు.

“మీరు ఊరుకున్నారా?” సాయిశంకర్ అడిగాడు.

“ఊరుకున్నాను. కొత్త కణాలు తెప్పిస్తానన్నారు, నమ్మాను. తర్వాత నమ్మకపోయినా సంతకాలు పెట్టాను. ఒకసారి పెట్టాక రెండోసారి ఎలా మానాలో తెలియలేదు. చివరికి దొంగతనం అంటే పోలీసులొస్తారు, ఫ్యాక్టరీకి సీలు పడుతుంది, అంతా బయటికొస్తుంది అనుకున్నాను. అలారం మెసేజ్ డ్యూటీలో ఉన్నవాళ్లకి వెళ్తుంది. ఆదివారం డ్యూటీ నాదే అనుకున్నాను. హేమశ్రీకి మార్చారని నాకు తెలియదు. ఆ పిల్ల ఫోన్ చేసినప్పుడు నా గుండె ఆగిపోయింది. నేను పోలీసుల్ని పిలిచి గేటు దగ్గర వాళ్ల కోసం చూస్తుంటే, ఎండీ గారు ఇక్కడ ట్యాంకు నింపించేశారు.”

“మీరు నాకు ఆరోజే సెప్పుండాల్సింది,” అన్నాడు సాయిశంకర్. గొంతులో ఇందాకటి పొగరు లేదు.

“మీరు అడగలేదు సార్. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.”

రజాక్ పాదాల కింద నేల ఇంకా ఝుమ్మంటోంది.

“తల్లికణాలు వేసవిలోనే పోతే, కింద మిషన్లలో ఏటి పెరుగుతోంది మేడమ్?”

దేవిశ్రీ కళ్లు మూసుకుంది. “పాత కణాలే. కొత్త విత్తనం లేక, ఉన్నవాటినే సాగదీస్తూ పోయాం. ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి. కణాలు కూడా ముసలివవుతాయి సార్, మారిపోతాయి. మందులాంటిదేదో చేస్తాయి గానీ అది మందు కాదు. పరీక్షకి పాత మంచి బ్యాచ్ శాంపిలే పంపాం.”

“అంటే ఆ ఇంజెక్షన్...”

“గడ్డని కరిగించదు.”

సరిగ్గా అప్పుడే పాదాల కింద కదలిక ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఎంత వింతగా ఉందంటే ముగ్గురూ నేల వైపు చూశారు.

“మిషన్లు ఆపేశారు,” అంది దేవిశ్రీ. “సార్, పరుగెత్తండి. కణాల్ని కాలవలోకి వదిలేస్తున్నారు!”

మెట్లు దిగేటప్పుడు రజాక్ మోకాలు కలుక్కుమంది. సాయిశంకర్ అతన్ని దాటి ముందుకి దూకాడు. కింద హాలులో గొట్టాలు సలసలమంటున్నాయి. గోడవారనున్న పెద్ద తొట్టి చుట్టూ ఆవిరి కమ్ముకుని ఉంది. దాని పక్కన రమణమూర్తి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

“ఆపండి!” సాయిశంకర్ అరిచాడు. “ఎవడ్రా అక్కడ, ఆపండి!”

“ఆపినా ప్రయోజనం లేదండీ,” రమణమూర్తి శాంతంగా అన్నాడు. “కణాల కల్చర్‌లో ఏదో తేడా వచ్చిందని అనుమానం కలిగింది. ప్రాణమున్న కణాల్ని కాలవలోకి వదలకూడదని నియమం. ఆవిరితో చంపి వదలాలి. నియమం ప్రకారమే చేశాను.”

“ఒక్క చుక్కైనా మిగిలిందా?” రజాక్ దేవిశ్రీని అడిగాడు.

ఆమె తొట్టి మీటరు చూసింది. తల అడ్డంగా ఊపింది. “ఉడికిపోయింది.”

రజాక్ స్టీలు స్తంభాన్ని గుప్పిటతో కొట్టాడు. చెయ్యి జివ్వుమంది. పైన బూజు కోసం వాదించుకుంటూ గడిపిన ప్రతి నిమిషం ఇప్పుడు అతని పళ్ల మధ్య ఇసకలా కరకరలాడింది. ఫోన్ వచ్చిందని ఈ మనిషి బయటికి వెళ్తుంటే చూశాడు. చూసి ఊరుకున్నాడు.

సాయిశంకర్ రమణమూర్తి దగ్గరికి వెళ్లి అతని చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. “పదండి సార్. జీపు ఎక్కండి.”

“ఏ సాక్ష్యంతో?”

“పైన ఒక బూజుముక్క ఉంది. ముందు దాంతో మొదలెడతాను.” జీపు దగ్గరున్న కానిస్టేబుల్ని పిలిచి అప్పగించాడు. తర్వాత రజాక్ వైపు తిరిగి, చూపు మాత్రం కలపకుండా, “ఆ పిల్లని కోర్టుకి పంపొద్దని స్టేషన్‌కి సెప్తాను,” అన్నాడు.

రజాక్ సంతోషపడలేకపోయాడు. దేవిశ్రీ గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె చూస్తున్నది తొట్టి వైపు కాదు. ఎదురుగా ఉన్న ఖాళీ గోదాము వైపు.

“ఏటి మేడమ్?”

“బాక్సులు,” అంది. “చివరి బ్యాచ్ నిన్ననే వెళ్లిపోయింది. మన్యం దారిలో ఉన్న చిన్న ఆసుపత్రులకి. పెద్దాసుపత్రికి చేరేలోపు ప్రాణం నిలబెట్టడానికి అక్కడే ఇస్తారు సార్, మొదటి ఇంజెక్షన్.”

“నంబరుందా?”

ఉంది. దేవిశ్రీ జాబితాలో మొదటి ఆసుపత్రికి డయల్ చేసి స్పీకర్ పెట్టింది. సాయిశంకర్ ఫోన్ లాక్కున్నాడు.

“హలో, సీఐని మాటాడతన్నాను. ఎవలమ్మా?”

“స్టాఫ్ నర్సు నీలిమనండీ. సెప్పండి సార్, తొందరగా. కేసు ఉంది.”

“తాండవ వాళ్ల గుండె ఇంజెక్షన్ మీకు వొచ్చింది గదా? వాడకండి. అన్నీ పక్కన పెట్టీండి. అది పనిసెయ్యదు.”

అవతల ఏదో ట్రే కింద పెట్టిన చప్పుడు.

“సార్... ఇప్పుడే ఒకాయనకి ఇచ్చీసాం.”

దేవిశ్రీ ముందుకి వంగింది. “సిస్టర్, వేరే కంపెనీది ఏమైనా ఉందా? డాక్టరు గారితో చెప్పండి, వెంటనే...”

“వేరేది లేదు మేడమ్. మా దగ్గరున్నవన్నీ ఇవే. అంబులెన్స్ ఇంకో కేసుకి వెళ్లింది.”

రజాక్ జేబులో కారు తాళాలు వెతికాడు. ఎంత తోలినా ఆ ఆసుపత్రికి గంట పైనే పడుతుందని తెలుసు. అయినా వెతికాడు. సాయిశంకర్ వైర్‌లెస్ మీద ఎవరినో కేకేస్తున్నాడు, బండి కావాలి, ఏ బండైనా సరే అని.

ఫోన్ ఇంకా కట్ కాలేదు. నర్సు వెనకాల నుంచి ఒక మగగొంతు వినబడింది. నొప్పిని మర్యాదగా అదిమిపెట్టుకుంటున్న గొంతు.

“సిస్టరమ్మా, సూది ఏసీసినారు గదా. ఇంకా తగ్గలేదేటమ్మా?”